బండికి సొంతంగా నావిగేషన్ మౌంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోనునో, జీపీఎస్ పరికరాన్నో బండి మీద నిలబెట్టడానికి సొంతంగా మౌంట్ చేసుకునేవాళ్ళకీ, విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో చేయించుకునేవాళ్ళకీ దాదాపు ఒకే సందేహాలు వస్తుంటాయి. వాటిని పని జరిగే వరసలో పెట్టాం. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా సరిపోతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళొచ్చు.

## మొదలుపెట్టే ముందు

బజార్లో ఇన్ని హోల్డర్లు దొరుకుతుంటే చేయించుకోవడం దేనికి?

చాలామందికి అవసరం లేదు. మామూలు గుండ్రటి హ్యాండిల్ ఉండి, దాని మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటే మంచి మెటల్ క్లాంపు ఉన్న హోల్డర్ కొనుక్కుని ఊరుకోండి. చేయించుకోవాల్సింది ఎవరంటే: హ్యాండిల్ మీద చోటు లేనివాళ్ళు, స్పోర్ట్స్ బండివాళ్ళు, మీటరు పైన కళ్ళకి ఎదురుగా స్క్రీన్ కావాలనుకునేవాళ్ళు, బరువైన జీపీఎస్ పరికరం వాడేవాళ్ళు.

చేయించుకున్నా సగమే చేయించుకోండి. ఫోనుని పట్టుకునే హోల్డర్ కొనేయండి. దాన్ని బండికి కలిపే బ్రాకెట్ మాత్రం మీ బండి కొలతలకి చేయించండి. హోల్డర్‌లో స్ప్రింగులు, అచ్చుపోసిన రబ్బరు ఉంటాయి. వాటిని ఇంట్లో చేసి కంపెనీ సరుకు కంటే బాగా కుదిరించడం దాదాపు జరగని పని.

బండి మీద పెడితే ఫోను కెమెరా పాడవుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే, అన్ని ఫోన్లకీ కాదు. కెమెరాలో ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్ (ఓఐఎస్) ఉంటే లెన్సు అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది. ఎక్కువసేపు వైబ్రేషన్ తగిలితే అది దెబ్బతిని, ఫొటోలు మసకగా, వణికినట్టు వస్తాయి. పెద్ద ఇంజన్ల బండ్ల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా పనితీరు తగ్గొచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో చెప్పింది.

రోజూ వాడే ఖరీదైన ఫోనుని సింగిల్ సిలిండర్ బండి మీద గంటలకొద్దీ పెట్టకపోవడమే మంచిది. ఓఐఎస్ లేని పాత ఫోను ఒకటి ఉంటే నావిగేషన్‌కి అదే వాడండి. హాట్‌స్పాట్ జేబులోని ఫోను నుంచి ఇస్తే చాలు.

బండి మీద ఎక్కడ పెడితే మంచిది?

పనికొచ్చే చోట్లు నాలుగు. ఒకటి, హ్యాండిల్ గొట్టం మధ్య భాగం. పని సులువు, కానీ కళ్ళు బాగా కిందికి దించాలి. రెండు, హ్యాండిల్‌ని పట్టుకునే పై క్లాంపు మీద, ఆ నాలుగు బోల్టుల కిందే ప్లేటు వేసి. ఇది అన్నిటికంటే గట్టిది. మూడు, మిర్రర్ కాడ మొదట్లో. చిన్న ఫోనుకి ఫర్వాలేదు, కానీ స్క్రీన్ ఒక పక్కకి పోతుంది. నాలుగు, విండ్‌షీల్డ్ ఉన్న బండికి మీటరు పైన అడ్డంగా 12 లేదా 16 మి.మీ. గొట్టం వేసి దాని మీద. రోడ్డు మీద నుంచి చూపు పెద్దగా దిగకుండానే మ్యాపు కనిపిస్తుంది కాబట్టి దూర ప్రయాణాలకి ఇదే ఉత్తమం.

ఏ చోటు ఎంచుకున్నా హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పి చూడండి. ఫోను ట్యాంకుకి తగలకూడదు. క్లచ్ కేబులు, బ్రేకు గొట్టం నలగకూడదు. ఇగ్నిషన్‌లో తాళం పెట్టి తిప్పడానికి చెయ్యి పట్టాలి. ఇండికేటరు, హై బీమ్, ఇంజన్ లైట్లు మరుగున పడకూడదు.

క్లిప్-ఆన్ హ్యాండిల్ (ఎడమ, కుడి విడివిడిగా ఉండేది) ఉన్న స్పోర్ట్స్ బండికి ఎలా?

పై ప్లేటు మధ్యలో స్టీరింగ్ కాండం ఉంటుంది కదా, చాలా స్పోర్ట్స్ బండ్లలో అది బోలుగా ఉంటుంది. ఆ బొక్కలో దిగి, బోల్టు బిగిస్తే రబ్బరు ఉబ్బి పట్టుకునే స్టెమ్ మౌంట్ వాడాలి. లోపలి వ్యాసం బండిని బట్టి మారుతుంది. వర్నియర్ క్యాలిపర్‌తో కొలిచాకే కొనండి, లేదా లేత్ దగ్గర తిప్పించండి. అంతకుముందు ఆ బొక్కలోంచి కేబులేదైనా పోతోందేమో టార్చి వేసి చూడండి.

నా హ్యాండిల్ సైజు ఎంతో ఎలా తెలుస్తుంది?

వర్నియర్‌తో కొలవాలి, టేపుతో కాదు. మన దగ్గర ఎక్కువ బండ్లకి 22 మి.మీ. (కచ్చితంగా చెప్పాలంటే 22.2) ఉంటుంది. కొన్ని క్రూయిజర్లకి 25.4. మధ్యలో లావై చివర్లకి సన్నబడే హ్యాండిల్ అయితే మధ్యలో 28.6, గ్రిప్పుల దగ్గర మళ్ళీ 22. అందుకే క్లాంపు సరిగ్గా ఏ చోట కూర్చుంటుందో అక్కడే కొలవండి. పెయింటు లేచిన చోటైతే రెండు దిక్కుల్లో కొలిచి పెద్దది రాసుకోండి.

## సామాను

అల్యూమినియమా, ఇనుమా, స్టెయిన్‌లెస్సా?

బ్రాకెట్‌కి 6061 లేదా 6082 రకం అల్యూమినియం. తేలిక, కోయడం సులువు, సముద్రపు గాలికి మామూలు ఇనుములా తుప్పు పట్టదు. ఇంటి కిటికీలకి వాడే మెత్తటి అల్యూమినియం పట్టీ వద్దు, అది వంగిపోతుంది. గట్టి రకం చల్లగా ఉండగా లంబకోణంలో వంచితే మడత దగ్గర చీలిక వస్తుంది. వంపు కావాలంటే రెండు ముక్కలు చేసి బోల్టులతో కలపండి.

ఇనుప పట్టీ చవక, ఏ వెల్డింగ్ షాపులోనైనా గంటలో చేసిస్తారు. కానీ రుషికొండ, భీమిలి వైపు రోజూ తిరిగే బండికి పెయింటు ఎక్కడ గీసుకుంటే అక్కడ వానాకాలం పూర్తయ్యేలోపే తుప్పు మొదలవుతుంది. ఇనుమే వాడాలంటే పౌడర్ కోటింగ్ తప్పదు. స్టెయిన్‌లెస్ అన్నిటికంటే మన్నుతుంది గానీ డ్రిల్లు కొట్టడం కష్టం: వేగం తగ్గించి, నూనె వేస్తూ, గట్టిగా ఒత్తి కొట్టాలి. తేలిగ్గా ఒత్తుతూ తిప్పితే ఉపరితలం గట్టిపడి బిట్టు మొద్దుబారుతుంది.

ప్లేటు ఎంత మందం ఉండాలి?

అల్యూమినియం 5 మి.మీ., బరువైన జీపీఎస్ పరికరానికి 6. ఇనుమైతే 3 నుంచి 4.

దీని వెనకున్న లెక్క తెలుసుకుంటే బోలెడు శ్రమ తప్పుతుంది. ప్లేటు బిర్రు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 3 మి.మీ. బదులు 5 మి.మీ. వేస్తే సుమారు నాలుగున్నర రెట్లు బిర్రు. పొడవు మాత్రం ఎదురు తిరుగుతుంది: చెయ్యి పొడవు రెట్టింపు చేస్తే అదే బరువుకి ఎనిమిది రెట్లు ఊగుతుంది. కాబట్టి స్క్రీన్ వణుకుతోందంటే ముందు చూడాల్సింది సామాను నాణ్యత కాదు, చెయ్యి పొడవు. క్లాంపు నుంచి హోల్డర్ దాకా 60 మి.మీ. లోపు ఉంచగలిగితే సగం బాధ తీరినట్టే. 100 దాటితే ఒక చోట పట్టు చాలదు, రెండో చోట ఆనించి త్రికోణంగా కట్టాలి.

3డీ ప్రింట్ చేయిస్తే ఆగుతుందా?

సామాను మీద ఆధారపడి ఉంటుంది. అందరూ ముందు పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తారు, అదే ఎండకి మెత్తబడేది. సుమారు 60 డిగ్రీల దగ్గర దాని పట్టు పోతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి మీది నల్లటి ముక్క ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. పీఈటీజీ సుమారు 80 డిగ్రీల దాకా, ఏఎస్ఏ సుమారు 100 దాకా తట్టుకుంటాయి. ఏఎస్ఏ ఎండకి పెళుసెక్కదు కూడా. బయట వాడేదానికి అదే అడగండి.

ప్రింట్ చేసేవాళ్ళకి మూడు మాటలు చెప్పండి: గోడలు కనీసం 5 వరసలు, లోపలి నింపుడు 40 శాతం పైన, ముక్కని పొరలు విడిపోయే దిక్కులో బోల్టు లాగకుండా పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. క్లాంపు చీలిపోయింది అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ మూడోదాని వల్లే. బోల్టు మరలకి ఇత్తడి ఇన్సర్ట్ వేడిచేసి దింపించండి, తల కింద వెడల్పు వాషర్ వేయండి. మా మాట అడిగితే, ప్లాస్టిక్‌ని నమూనా చూసుకోవడానికి వాడి, అసలు ముక్క అల్యూమినియంలో చేయించండి.

బీచ్ రోడ్డు గాలికి తట్టుకునే బోల్టులు ఏవి?

స్టెయిన్‌లెస్. తల మీద ఏ2-70 అని ఉంటే అది 304 రకం, ఏ4-70 లేదా ఏ4-80 అని ఉంటే 316 రకం. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకి 316 మేలు, దొరక్కపోతే 304తో సరిపెట్టుకోవచ్చు. తళతళలాడే జింకు పూత బోల్టులు కొన్నప్పుడు స్టెయిన్‌లెస్ లాగే కనిపిస్తాయి. షాపులోనే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి: జింకు పూతదైతే టక్కున అంటుకుంటుంది, స్టెయిన్‌లెస్‌కి అంటీ అంటనట్టు ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం ప్లేటు కలిసిన చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిలా తినేసుకుపోతుంది. తల కింద నైలాన్ వాషర్ వేసి, మరలకి థ్రెడ్ లాకరో (బోల్టు వదులవకుండా పట్టే జిగురు), గ్రీజో రాస్తే నీరు లోపలికి దిగదు. రెండూ కలిపి రాయొద్దు, గ్రీజు ఉన్నచోట లాకర్ పట్టదు. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేసి వేగంగా బిగిస్తే మధ్యలోనే పట్టేసి, విరగ్గొట్టడం తప్ప దారి ఉండదు. చుక్క నూనె రాసి నెమ్మదిగా తిప్పండి.

మధ్యలో రబ్బరు వేస్తే వైబ్రేషన్ తగ్గుతుందా?

సరైన మెత్తదనం ఉంటేనే. గట్టి రబ్బరు వాషరు వేస్తే అది ఇనుము వేసినట్టే ఉంటుంది. మరీ మెత్తది వేస్తే గుంతల్లో ఫోను గంతులేస్తుంది.

కొలిచే పద్ధతి సులువే. రబ్బరు బుష్‌ల మీద ఫోను, హోల్డర్ కలిపి పెట్టినప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూడండి. ఆ సంఖ్య వర్గమూలంతో 15.8ని భాగిస్తే దాని సహజ పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. 0.6 మి.మీ. దిగితే సుమారు 20 హెర్ట్జ్. రబ్బరు పని మొదలుపెట్టేది దానికి 1.4 రెట్ల పైన, అంటే 28 హెర్ట్జ్ నుంచి. ఇంజన్ నిమిషానికి 1,700 చుట్లు తిరిగితే 28 హెర్ట్జ్ వస్తుంది కాబట్టి, బండి నడుస్తున్నంతసేపూ రబ్బరు కాపాడుతుంది. ఐడిల్‌లో 1,000 నుంచి 1,200 చుట్లు అంటే 17 నుంచి 20 హెర్ట్జ్. సరిగ్గా అక్కడ ఫోను ఇంకాస్త ఎక్కువ ఊగుతుంది. సిగ్నల్ దగ్గర ఊగి, కదిలాక నిమ్మళించే మౌంట్ బాగా పనిచేస్తున్నట్టు లెక్క, పాడైనట్టు కాదు.

రెండు వైపులా బోల్టు మరలు ఉండే చిన్న రబ్బరు బుష్‌లు నాలుగు, నాలుగు మూలల్లో వేయండి. ఒక్కటే మధ్యలో వేస్తే ఫోను తల ఊపుతుంది. రబ్బరు చిరిగినా ఫోను కింద పడకుండా బుష్‌ల మధ్యలోంచి ఒక పొడవు బోల్టు వదులుగా వెళ్ళి, చివర వాషర్‌తో ఆపేలా ఉండాలి.

## తయారీ

డ్రాయింగ్ వేయడం రాదు, ఎలా మొదలుపెట్టాలి?

గట్టి అట్టతో. బ్రాకెట్ ఆకారం కోసి, టేపుతో బండికి అంటించి, దాని మీద ఫోను బరువున్న చెక్క ముక్క పెట్టండి. హెల్మెట్ పెట్టుకుని సీటు మీద మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చుని చూడండి. హెల్మెట్ గడ్డం అడ్డొస్తోందా, ఆకాశం స్క్రీన్ మీద మెరుస్తోందా, గ్లవ్స్ వేసుకున్న చెయ్యి అందుతోందా అన్నవి కంప్యూటర్లో తెలియవు. కుదిరాక ఆ అట్టనే లేత్ షాపుకి పట్టుకెళ్ళండి. మాటలతో వర్ణించడం కంటే అది నయం.

లేత్ షాపులో క్లాంపు ఎలా చెప్పి చేయించాలి?

రెండు సగాల క్లాంపు అడగండి, వెడల్పు 20 నుంచి 25 మి.మీ., ఇటు రెండు అటు రెండు ఎం6 (6 మి.మీ. వ్యాసం) అలెన్ బోల్టులు. రెండు సగాల మధ్య 1 మి.మీ. రేకు పెట్టి, బోల్టులు బిగించి, అప్పుడు హ్యాండిల్ సైజుకి బోరు కొట్టాలి. తర్వాత రేకు తీసేస్తే బిగించడానికి ఖాళీ మిగులుతుంది. రేకు లేకుండా బోరు కొడితే సగాలు ఒకదానికొకటి ఆనిపోతాయి, ఎంత బిగించినా హ్యాండిల్ మీద పట్టు రాదు. క్లాంపు తిరిగిపోతోంది అని వచ్చే వాటిలో ఇది చాలా మామూలు కారణం.

22.2 హ్యాండిల్‌కి బోరు 22.5 చెప్పండి. అల్యూమినియంలో మరలు కొట్టిస్తే లోతు బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎం6కి 9 మి.మీ. ఉండాలి. మీ హ్యాండిల్ సైజు గొట్టం ముక్క ఒకటి వెంట తీసుకెళ్తే అక్కడికక్కడే పెట్టి చూసుకోవచ్చు.

ఇంట్లో హ్యాండ్ డ్రిల్లుతోనే ప్లేటు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. అట్ట నమూనాని ప్లేటు మీద గీసి, రంధ్రాల చోట సెంటర్ పంచ్ కొట్టండి. పంచ్ కొట్టకపోతే బిట్టు జారి ప్లేటంతా గీతలు. ముందు 3 మి.మీ. బిట్టు, తర్వాత అసలు సైజు. ఎం5 బోల్టు దూరడానికి 5.5, ఎం6కి 6.5. మరలు కొట్టాలంటే ఎం5కి 4.2, ఎం6కి 5, ఎం8కి 6.8 మి.మీ. బిట్టు. ట్యాపుని అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కిరసనాయిలు చుక్కలు వేయండి.

హ్యాక్సాతో కోశాక ఆకురాయితో అంచులన్నీ గుండ్రం చేయండి. ఇది అందం కోసం కాదు. బండి పడితే పదునైన ఆ అంచు ఎదురుండేది మీ పొట్టకే. లోపలి మూలలు కూడా సూటిగా వదలకుండా గుండ్రంగా తీయండి, పగులు మొదలయ్యేది అక్కడే.

హోల్డర్ కోసం రంధ్రాలు ఏ దూరంలో వేయాలి?

30 × 38 మి.మీ. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో. దీన్ని ఆంప్స్ అమరిక అంటారు. గార్మిన్ జూమో లాంటి జీపీఎస్‌ల హోల్డర్లు, మంచి ఫోను హోల్డర్లు చాలావరకు దీనికే కూర్చుంటాయి. రేపు ఫోను మారినా బ్రాకెట్ మార్చక్కర్లేదు. బంతి కీలు వాడేటట్టయితే 1 అంగుళం బంతి చాలు.

హ్యాండిల్ పై క్లాంపు బోల్టుల కింద ప్లేటు వేయడం సేఫేనా?

సరిగ్గా చేస్తే సేఫ్. అజాగ్రత్తగా చేస్తే హ్యాండిల్ చేతికొస్తుంది, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లేటు 5 మి.మీ. ఉంటే బోల్టులు కూడా కచ్చితంగా 5 మి.మీ. పొడవైనవి కావాలి. పాత బోల్టులే వాడితే మరల్లో పట్టు తగ్గిపోతుంది. మరీ పొడవైతే అడుగు తగిలి, బిగుసుకున్నట్టే అనిపించి బిగుసుకోదు. తల మీద 8.8 లేదా అంతకంటే పెద్ద గుర్తు ఉన్న స్టీలు బోల్టులే వాడండి. అలంకారం కోసం అమ్మే రంగు అల్యూమినియం బోల్టులు ఇక్కడ వద్దు. నాలుగు బోల్టుల తలలూ ప్లేటు మీద సమంగా ఆనాలి, బిగింపు బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చినంత.

హ్యాండిల్ గొట్టానికి మాత్రం ఎప్పుడూ రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు.

మిర్రర్ కింద బ్రాకెట్ పెడుతుంటే కుడి పక్కది విప్పడం రావట్లేదు, ఎందుకు?

యమహా బండి అయ్యుంటుంది. వాటి కుడి మిర్రర్‌కి మరలు తిరగేసి ఉంటాయి, సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. చాలా బండ్ల మిర్రర్ మర ఎం10, పిచ్ 1.25. కింద ప్లేటు వేశాక కూడా కనీసం 10 మి.మీ. మర లోపలికి వెళ్ళాలి.

పెయింటా, పౌడర్ కోటింగా?

మ్యాట్ నలుపు పౌడర్ కోటింగ్. మెరిసే అల్యూమినియం అలాగే వదిలితే సాయంత్రం ఎండ కళ్ళలో కొడుతుంది. కోటింగ్‌కి ఇచ్చే ముందు మర రంధ్రాలకీ, క్లాంపు బోరుకీ టేపు వేయమని చెప్పండి, లేకపోతే బోల్టు ఎక్కదు.

ఎంత ఖర్చవుతుంది?

సామానుకి పెద్దగా కాదు, లేత్ మీద పట్టే టైముకే డబ్బు. వంపులు, వాలు కోతలు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది. స్నేహితుడిది కూడా అదే బండైతే రెండూ ఒకేసారి ఇవ్వండి.

## కరెంటు కనెక్షన్

చార్జింగ్‌కి లైను ఎక్కడ నుంచి తీసుకోవాలి?

బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద లైనుని ఆన్ చేసే స్విచ్చు) పెట్టి. రిలేని ఆన్ చేసే సన్నటి వైరు మాత్రం తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి, ఉదాహరణకి హారన్ లైనుకి, కలపండి. ఏది ఆ లైనో మల్టీమీటర్‌తో చూశాకే కలపండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బండ్లలో సెన్సర్లు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) వైర్ల జోలికి పోవద్దు. కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. కప్లర్ దొరికితే కప్లర్‌తోనే కలపండి.

ఫ్యూజు ఎంత వేయాలి?

3 ఆంపియర్లు. లెక్క ఇదీ: చార్జరు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇస్తే 15 వాట్లు, నష్టాలు కలిపితే బ్యాటరీ నుంచి సుమారు 18 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియరు. వైరు 0.75 చదరపు మి.మీ. సరిపోతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపలే ఉండాలి. చార్జరు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడేది ఏమీ ఉండదు.

నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది, చార్జరు వల్లేనా?

తాళంతో సంబంధం లేకుండా నేరుగా కలిపి ఉంటే అయ్యుండొచ్చు. ఫోను లేకపోయినా చార్జరు కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. 15 మిల్లీ ఆంపియర్లయితే రోజుకి 0.36 ఆంపియర్-అవర్. 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ పదకొండు రోజుల్లో సగం ఖాళీ. నాలుగు రోజులకే దిగిపోతే తప్పు చార్జరుది కాకపోవచ్చు, ముందు బ్యాటరీ ఆరోగ్యం చూపించండి.

వైర్లు ఎటు నుంచి తీసుకెళ్ళాలి?

కంపెనీ వైరింగ్ పోయే దారినే. స్టీరింగ్ మెడ దగ్గర వదులుగా ఒక వంపు ఉంచి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా బిగుసుకోకూడదు. సిలిండరుకీ సైలెన్సరుకీ దూరంగా. అతుకులు సోల్డరింగ్ కంటే క్రింపింగ్‌తో (లోహపు తొడుగుని వైరు మీద నొక్కి బిగించడం) వేయడం మేలు. సోల్డర్ పాకిన చోట వైరు గట్టిపడి, వైబ్రేషన్‌కి దాని అంచున తెగుతుంది.

వానలో చార్జింగ్ పెట్టొచ్చా?

కేబుల్ గుచ్చిన పోర్టు నీళ్ళకి తెరిచి ఉన్నట్టే. తడిసిన పోర్టులో కరెంటు పారితే పిన్నులు పచ్చబారి పోతాయి, మన ఉప్పు గాలికి ఇంకా త్వరగా. ఫోను ఐపీ67 (నీళ్ళలో మునిగినా తట్టుకునే రకం) అయినా ఆ పరీక్ష మంచినీళ్ళతోనే. గట్టి వానలో కేబులు పీకేసి, చార్జరు మూత వేయండి. తడి స్క్రీన్ మీద చుక్కలే వేళ్ళలా పనిచేసి మ్యాపుని జరిపేస్తాయి కాబట్టి బయల్దేరే ముందే రూటు పెట్టి స్క్రీన్ టచ్ లాక్ చేయడం మేలు.

## బిగించాక, రోడ్డు మీద

బోల్టులు ఎంత బిగించాలి?

అల్యూమినియం మరల్లో ఎం5కి 4, ఎం6కి 6 నుంచి 7 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకపోతే అలెన్ కీ పొట్టి కొమ్ము పట్టుకుని బిగించండి, పొడుగు కొమ్ముతో తిప్పితే మరలు లేచిపోతాయి. బోల్టుల్ని మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తూ క్లాంపు రెండు పక్కలా ఖాళీ సమంగా ఉంచండి.

లోహపు మరలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క, థిన్నర్‌తో మరలు తుడిచాక. ఒక రోజు ఆరనివ్వండి. ప్లాస్టిక్ హోల్డర్ దగ్గర మాత్రం అది వాడొద్దు: కొన్ని ప్లాస్టిక్‌లు ఆ రసాయనం తగిలితే జుట్టులాంటి పగుళ్ళు వేసి ఒకరోజు చటుక్కున విరుగుతాయి. అక్కడ నైలాక్ నట్టే సరి.

ఒక స్పీడులోనే స్క్రీన్ వణుకుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఏం చేయాలి?

అది అనునాదం. మౌంట్ సహజ పౌనఃపున్యం, ఇంజన్ చుట్లు ఒక చోట కలుస్తున్నాయి. సింగిల్ సిలిండర్‌లో నిమిషానికి 4,000 చుట్లంటే సెకనుకి సుమారు 67 ఊపులు. బండి సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో, ఆ చుట్ల దగ్గర ఉంచి వేలితో ఒక్కో చోట ముట్టండి. బ్రాకెట్ చెయ్యి పట్టుకుంటే వణుకు ఆగితే చెయ్యి పొడుగో పలచనో అయింది: పొట్టి చేయండి, లేదా రెండో ఆసరా ఇవ్వండి. ఫోను పట్టుకుంటేనే ఆగితే హోల్డర్ పట్టు వదులు. బరువు తగిలించి వణుకు ఆపాలని చూసేవాళ్ళున్నారు. అది వణుకుని ఇంకో స్పీడుకి మారుస్తుంది, అంతే.

ఎండకి ఫోను వేడెక్కి చార్జింగ్ ఆగిపోతోంది.

మూడు వేడులు కలుస్తున్నాయి: ఎండ, పూర్తి వెలుగు స్క్రీను, చార్జింగ్. ఐఫోన్లకి ఆపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీల వాతావరణం. మన మే నెల అక్కడే మొదలవుతుంది. వెనక కవరు తీసేయండి, హోల్డర్ వీపు గాలి తగిలేలా ఉండాలి, పైన ప్లాస్టిక్ గొడుగు ముక్క ఒకటి వేయండి. వైర్‌లెస్ చార్జింగ్ ఎండాకాలం మానేయండి. జిప్పు పౌచ్ వానకి మంచిదే, ఎండలో మాత్రం అదే ఫోనుని ఉడకబెడుతుంది. వేడెక్కిన ఫోను మీద నీళ్ళు పోయడం, ఐసు పెట్టడం చేయొద్దు, లోపల చెమ్మ పడుతుంది.

వెనక మెటల్ ప్లేటుంటే జీపీఎస్ సిగ్నల్ తగ్గుతుందా?

తగ్గదు, సిగ్నల్ పైనుంచి వస్తుంది. పైన కప్పే ఎండ గొడుగు మాత్రం లోహంతో చేయొద్దు. అయస్కాంతం ఉన్న హోల్డర్ అయితే దిక్సూచి తప్పుతుంది. కదులుతున్నప్పుడు తేడా తెలియదు గానీ మద్దిలపాలెం లాంటి కూడలిలో ఆగినప్పుడు బాణం ఎటో చూపిస్తుంది.

అరకు ఘాట్‌లో మ్యాపు ఆగిపోతే తప్పు మౌంట్‌దా?

కాదు. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు మొబైల్ నెట్‌వర్క్ పోతుంటుంది, జీపీఎస్ పోదు. బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ట్రాఫిక్ వివరాలు రావు గానీ దారి చూపిస్తుంది.

ఫోనుకి తాడు కట్టాలా?

కట్టాలి. 2 మి.మీ. నైలాన్ తాడు, బ్రాకెట్‌కి ఒక కొస, ఫోను కవరుకి ఒక కొస. తాడు ఎంత పొట్టిగా ఉండాలంటే, వేలాడే ఫోను ముందు చక్రానికీ, హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య సందులోకీ చేరకూడదు.

పోలీసులు ఆపితే ఫైన్ వేస్తారా?

చేత్తో ఫోను పట్టుకుని నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద నేరం. మొదటిసారి జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయలు, జైలుకి కూడా అవకాశం ఉంది. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల సవరణ ప్రకారం, ఏకాగ్రత చెడకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడొచ్చు. మౌంట్ మీద పెట్టి మ్యాపు చూడటం దీని కిందికి వస్తుంది. అదే మౌంట్ మీద వీడియో చూస్తూ, మెసేజ్ కొడుతూ దొరికితే ఈ మినహాయింపు వర్తించదు.

ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

మొదటి 100 కిలోమీటర్లకి ఒకసారి అన్ని బోల్టులూ, తర్వాత చైను శుభ్రం చేసేటప్పుడల్లా. బోల్టు తల నుంచి ప్లేటు మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసి ఉంచితే, గీత కలవకపోవడం చూసి వదులైందని స్ప్యానర్ లేకుండానే తెలుస్తుంది. బీచ్ పక్క నిలబెట్టే బండైతే వారానికోసారి మంచినీళ్ళతో కడగండి. రబ్బరు బుష్‌ని వేలితో పక్కకి వంచి చూడండి. అంచున సన్నటి పగుళ్ళు కనిపిస్తే నాలుగూ ఒకేసారి మార్చేయండి.